తిరుగు ప్రయాణంలో పావుగంట

ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం ఎంత అని అడిగితే అతను కిలోమీటర్లు చెప్పేవాడు కాదు. పది గంటలు అనేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ రూట్లో బస్సు నడుపుతున్నాడు. నడుమ కొండల వరస ఉంది. రోడ్డు దాని జోలికి పోకుండా చుట్టూ తిరిగి వెళ్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఇక్కడ కదిలితే రాత్రి ఒంటిగంటకు అక్కడ. వానైనా అంతే, పొగమంచైనా అంతే. వంతెన దగ్గర టీ కొట్టువాడు ఆ బస్సు హారన్ విన్నాకే పాలు పొయ్యి మీద పెట్టేవాడు. డిపోలో అందరూ అతన్ని గడియారం అనేవారు. అత్తవారి తరఫు వాళ్ళూ చాటుగా అదే అనేవారు. ఆ పేరంటే అతనికి లోపల ఇష్టమే. ఎదురుగా అంటే మాత్రం ముఖం చిట్లించేవాడు.

అతని భార్య ఎక్స్‌రే తీస్తుంది. అవతలి ఊరి ఆస్పత్రిలో మిషను ఉంది కానీ దాన్ని నడిపే మనిషి లేదు. అందుకని వారానికోసారి ఆమె ఇక్కణ్ణించి వెళ్ళి, కాలో చెయ్యో విరిగినవాళ్ళకీ, దగ్గు తగ్గనివాళ్ళకీ ఫిల్ములు తీసి వచ్చేది. ఆరేళ్ళపాటు అతని బస్సులోనే వెళ్ళి అతని బస్సులోనే వచ్చింది. డ్రైవరుకి పక్కగా, మొదటి వరసలో కిటికీ సీటు ఆమెది. తెలియక ఎవరైనా కూర్చుంటే కండక్టర్ లేపేసేవాడు. కండక్టర్ ఆమెకు సొంత తమ్ముడు.

ఆ పది గంటలూ ఆమె మాట్లాడుతూనే ఉండేది. ఏం మాట్లాడిందో చెప్పమంటే అతను చెప్పలేడు. పక్కింటివాళ్ళ కుంటి పిల్లి ఆ వారం ఏం చేసిందో చెప్పేది. ఎముకల సంగతులు చెప్పేది. భుజం ఎముక చూస్తే చాలు, ఆ మనిషి ఏ పని చేసి బతుకుతాడో తెలిసిపోతుందనేది. అతను ఊ కొట్టేవాడు. మలుపుల్లో ఊ కూడా కొట్టేవాడు కాదు. ఇంట్లో వాళ్ళకి అన్ని మాటలుండేవి కావు. అతను రాగానే మంచం మీద వాలిపోయేవాడు. లేచేసరికి ఆమె డ్యూటీకి వెళ్ళిపోయేది. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తమ కాపురమంతా ఆ బస్సులోనే సాగిందని అతనికి అనిపించేది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునే అవసరం రాలేదు.

తర్వాత విమానం వచ్చింది.

తొమ్మిది సీట్ల చిన్న విమానం. ఊరి బయట ఖాళీ జాగా చదును చేసి, చుట్టూ కంచె వేసి, ఒక రేకుల షెడ్డు కట్టారు. ఆస్పత్రివాళ్ళు ఆమెకు కబురు పెట్టారు. ఇకమీదట బుధవారం పొద్దున విమానంలో వచ్చి సాయంత్రానికి ఇంటికి పోవచ్చు, టికెట్టు మాదే అన్నారు. బుధవారం అతనికి సెలవు రోజు. వారంలో అతను పూర్తిగా ఇంట్లో ఉండే ఒక్క పగలూ ఆమె ఇంట్లో ఉండదన్నమాట.

మొదటిసారి వెళ్ళొచ్చిన సాయంత్రం ఆమె చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ముప్ఫై అయిదు నిమిషాలండీ. ఇట్టే దింపేశాడు."

"దూరం ఎంతట?"

"పైనుంచి నూట అరవై కిలోమీటర్లేనట. మన రోడ్డు నాలుగొందలు కదా. పైకెళ్తే తెలుస్తుంది, అంతా వట్టి చుట్టు తిరుగుడే."

వట్టి చుట్టు తిరుగుడు. ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. మర్నాడు బస్సులో బావమరిది ఇంకాస్త లోపలికి దింపాడు.

"బావా, నువ్వు మూడో గేరు వేసేలోపల అక్క అక్కడ దిగి చెయ్యి కడుక్కుంటోంది."

"టికెట్లు కొట్టు ముందు."

"కొట్టేశాను. ఆ మొదటి సీటు కూడా అమ్మేశాను. ఇన్నాళ్ళూ ఖాళీగా తిప్పాం, ఎంత నష్టం చెప్పు."

ఆ సీట్లో ఒక ముసలాయన బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దాటకముందే గురక మొదలెట్టాడు. అతను ఆ రోజంతా అటు తల తిప్పలేదు.

బుధవారాలు అతను ఆమెను స్కూటర్ మీద షెడ్డు దాకా దింపి వచ్చేవాడు. మళ్ళీ సాయంత్రం వెళ్ళి తీసుకొచ్చేవాడు. షెడ్డులో ఒక పెద్దాయన కాటా దగ్గర కూర్చుంటాడు. సామాన్లని తూస్తాడు. మనుషుల్నీ తూస్తాడు. చిన్న విమానం కాబట్టి ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో బరువును బట్టే నిర్ణయిస్తారు. ఊళ్ళో అందరికీ ఆయన కాటా మామ. తూకం పైకి చదవడం ఆయన అలవాటు. దానివల్ల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆయనతో మాట్లాడటం మానేశారు.

మూడో వారమో నాలుగో వారమో విమానం దిగి ఆగినప్పుడు, అతను కంచె పట్టుకుని చూస్తున్నాడు. ప్రయాణికులు వెనక తలుపు నుంచి దిగారు. ఆమె వాళ్ళలో లేదు. ముందు వైపు చిన్న తలుపు తెరుచుకుంది. పైలట్ పక్క సీట్లోంచి ఆమె దిగింది. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు వేసుకున్న పైలట్ రెండోవైపు నుంచి దిగి, ఆమె బ్యాగు అందించాడు.

"ఆవిడ ముందు కూర్చుందేంటి?" అని కాటా మామని అడిగాడు.

"ముందు సీటు తేలిక మనిషికి. మీ ఆవిడ బ్యాగుతో కలిపి యాభై నాలుగు."

"అందరిలో ఆవిడేనా తేలిక?"

"నీ కళ్ళతో నువ్వే చూడు." కాటా మామ గడప దాటుతున్న ప్రయాణికుల్ని గడ్డంతో చూపించాడు. అందరూ పుష్టిగానే ఉన్నారు. "నీకంత బాధగా ఉంటే ఇంట్లో కాస్త ఎక్కువ పెట్టు. డెబ్భై దాటిందంటే నేనే వెనక్కి పంపిస్తా."

అతను నవ్వాడు. దారిలో స్కూటర్ మీద నవ్వలేదు. ఇరవై రెండేళ్ళలో తన బస్సులో డ్రైవరు పక్కన ఎవరు కూర్చున్నారో, ఎందుకు కూర్చున్నారో అతనికి తెలుసు. తూకం వేసి ఎవర్నీ కూర్చోబెట్టలేదు.

అప్పటినుంచి టైము చూడటం మొదలైంది. కావాలని మొదలుపెట్టింది కాదు, అతనికి టైము చూడకుండా ఉండటం చేతకాదు. పొద్దున విమానం లేవడం కంచె దగ్గర తనే చూస్తాడు. అక్కడ దిగి ఆమె ఫోన్ చేస్తుంది, దిగాను అని. ముప్ఫై అయిదు నిమిషాలు. సాయంత్రం అక్కడ తలుపు వేసేటప్పుడు ఫోన్ చేస్తుంది, బయల్దేరుతున్నాం అని. ఇక్కడ దిగేసరికి యాభై నిమిషాలు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అవే రెండు ఊళ్ళు, అదే విమానం, అదే పైలట్. వెళ్ళేటప్పుడు లేని పావుగంట వచ్చేటప్పుడు ఎక్కణ్ణించి వస్తోంది?

రెండు వారాలు దిగమింగుకున్నాడు. మూడో వారం భోజనం దగ్గర అడిగాడు.

"సాయంత్రం ఎందుకు లేటవుతోంది?"

"ఎదురుగాలి."

"పొద్దున ఉండదా గాలి?"

"ఉంటుంది. అప్పుడు వెనకనుంచి తోస్తుంది. పైన ఎప్పుడూ అటువైపే వీస్తుందట."

"ఎవరు చెప్పారు?"

"పైలట్."

అతను కంచం కొంచెం ముందుకు జరిపాడు.

"నాకూ గాలి తగులుతుంది. ఇరవై రెండేళ్ళుగా తగులుతోంది. పావుగంట ఎప్పుడూ పోలేదు."

"మీది నేల మీదండీ."

"నేల మీద గాలి ఉండదా?"

"ఉంటుంది. మీకు పట్టుకోవడానికి రోడ్డు కూడా ఉంటుంది." ఆమె లేచి గ్లాసులో నీళ్ళు పోసింది. "నేను చెప్తే నమ్మకపోతే ఇంకెవర్నైనా అడగండి."

ఇంకెవర్ని అడుగుతాడు? డిపోలో అడిగితే ఊరంతా తెలుస్తుంది. బావమరిదిని అడిగితే అక్క సంగతి తమ్ముణ్ణి అడిగినట్టు. కాటా మామని అడిగితే పైకి చదువుతాడు.

అందుకని ఆ పావుగంటని తనే నింపుకున్నాడు. కొండల అవతల ఎండిన చెరువొకటి ఉంది, అద్దంలా చదునుగా. బస్సు దాని పక్క నుంచే పోతుంది. విమానం అక్కడ దిగడం కష్టమేం కాదు. దిగితే ఏం చేస్తారు? గట్టు మీద నడుస్తారు. పైలట్ కళ్ళద్దాలు తీస్తాడు. ఆమె ఎముకల సంగతులు చెబుతుంది, నవ్వుతుంది. మళ్ళీ ఎక్కుతారు. మిగతా ఏడుగురు ప్రయాణికులు అంతసేపూ లోపల ఏం చేస్తున్నారన్నది అతనికి తట్టలేదు. ఆ చెరువు దాటేటప్పుడల్లా బస్సు వేగం తగ్గించి, గట్టు మీద చక్రాల గుర్తులున్నాయేమోనని చూసేవాడు. మేకల గుర్తులు తప్ప ఏమీ లేవు. ఆ నెలలోనే, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, అతని బస్సు నాలుగు నిమిషాలు లేటుగా చేరింది. టీ కొట్టువాడు ఒళ్ళు బాలేదా అని అడిగాడు.

ఎనిమిది నెలలు గడిచాక ఆస్పత్రివాళ్ళు ఆమెను అడిగారు. ఇలాగే ఇంకో మూడేళ్ళు వస్తానని మాట ఇవ్వు, ఈ నెలాఖరులోగా చెప్పు. ఆమె సంతోషంగా వచ్చి అతనితో చెప్పింది. అతను అన్నాడు:

"వెళ్తే బస్సులో వెళ్ళు. లేకపోతే మానెయ్."

"బస్సులో అయితే రెండు రోజులు పోతాయి."

"ఆరేళ్ళు పోలేదా?"

ఆమె అతన్ని కాసేపు చూసింది. ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఎక్కడ విరిగిందో వెతికేటప్పుడు అలాగే చూస్తుంది. "ఆలోచించి చెప్తా," అంది. వారమైనా చెప్పలేదు. నెలాఖరు దగ్గరపడింది.

ఆ సోమవారం అతను మామూలుగానే బస్సు అవతలి ఊరికి తీసుకెళ్ళాడు. మంగళవారం తిరిగి తేవాలి. కడుపునొప్పి అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ సెలవడగని మనిషి కనక డిపోలో మారు మాట్లాడకుండా వేరే డ్రైవర్ని ఎక్కించారు. బావమరిది మాత్రం మెట్ల మీద నిలబడి, "కడుపులో నొప్పా, కడుపులో మంటా బావా?" అని అడిగి బస్సెక్కేశాడు. అతను ఆ రాత్రి డిపో గదిలో పడుకుని, బుధవారం సాయంత్రం అక్కడి ఎయిర్‌స్ట్రిప్‌కి వెళ్ళి టికెట్టు కొన్నాడు.

ఆమె ఆస్పత్రి జీపులోంచి దిగి అతన్ని చూసింది. ఆశ్చర్యపోలేదు. అతని కడుపు వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

అక్కడ కాటా మామ లాంటివాళ్ళు లేరు. తూకం పైలటే చూసుకుంటాడు. దగ్గర్నుంచి చూస్తే అతను యాభై దాటినవాడు. చెవుల దగ్గర రంగు వెలిసి తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. ముక్కు కారుతోంది. నల్ల కళ్ళద్దాలు తీస్తే కళ్ళకింద సంచులు. ఇన్ని నెలలు ఈ మనిషినా మనసులో మోసింది అనిపించింది. అయినా కడుపులో మంట ఇసుమంతైనా తగ్గలేదు. అందగాడైతే కనీసం ఒక కారణం ఉండేది.

"తొంభై రెండు," అన్నాడు పైలట్, తనలో తను అనుకున్నట్టు. "మీరు వెనక వరస. ఏం చేస్తుంటారు?"

"బస్సు నడుపుతా."

"మూడింటి బస్సా?" పైలట్ ముఖం విప్పారింది. "రోజూ పైనుంచి చూస్తుంటానండీ. ఆ మలుపులన్నీ చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మీరెలా తిప్పుతారో దేవుడికే తెలియాలి."

తన పనిని ఎవరైనా అలా మెచ్చుకుని ఏళ్ళయింది. అది ఈ మనిషి నోట వినవలసి రావడం ఇంకో అవమానం.

విమానం లేచింది. వెనక వరసలోంచి అతనికి కనిపిస్తున్నవి రెండు తలలు. ఎడమవైపు పైలట్ తల, చెవుల మీద హెడ్‌ఫోన్లతో. కుడివైపు ఆమె జుట్టుముడి. ఇంజను చప్పుడులో పక్కవాడి మాట కూడా వినపడదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే పెదాలు కదలాలి, తలలు తిరగాలి. అతను రెప్ప వేయకుండా చూశాడు. ఏ తలా తిరగలేదు.

ఊరు కిందకి జారిపోయి కొండలు మొదలవుతుండగా ఆమె తల కిటికీ వైపు ఒరిగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఒరిగింది. నిద్రపోయింది.

అతను ముందుకు వంగాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె నిద్రపోతుండగా చూసిన గుర్తు లేదు. ముందు నిద్రపోయేది ఎప్పుడూ తనే. మెలకువ వచ్చేసరికి మంచం అటుపక్క దుప్పటి మడతపెట్టి ఉండేది. బస్సులో అయితే ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ఆవలించలేదు.

విమానం కాస్త ఎడమకి వాలింది. ఆమె తల కిటికీ వదిలి పైలట్ భుజం వైపు జారసాగింది. పైలట్ అటు చూడలేదు. ఒక చేత్తో సీటు పక్కనున్న కోటు తీసి, దాన్ని చుట్టగా చుట్టి, తన భుజానికీ ఆమె తలకీ మధ్య పెట్టాడు. ఆమె తల దాని మీద ఆగింది. గేరు మార్చేటప్పుడు తన చెయ్యి ఎలా పోతుందో, పైలట్ చెయ్యి అలా పోయింది. వెతుక్కోకుండా, ఆలోచించకుండా. ప్రతి బుధవారం చేస్తే తప్ప అలా రాదు.

అతను కిందకి చూశాడు. కొండల కింద రోడ్డు, దాని మీద మూడింటి బస్సు, అగ్గిపెట్టంత. వంతెన దగ్గర ఆగి ఉంది. ఆ టైముకి అక్కడ ఉండకూడదు, అది దాటి రెండో మలుపులో ఉండాలి. బుధవారాలు తన బదులు నడిపే డ్రైవర్ తాపీగా టీ తాగుతున్నాడన్నమాట. విమానం నీడ ఎండిన చెరువు మీద పడింది. ఆ నీడ పాకుతోంది, గట్టు నుంచి గట్టుకి దూరం ఎంతకీ తరగట్లేదు. కింద చెరువులో దుమ్ము లేచి వాళ్ళొచ్చిన వైపే కొట్టుకుపోతోంది. ఇంజను గొంతు చించుకుంటోంది, నీడ మాత్రం బరువు మోస్తున్న ఎద్దులా నడుస్తోంది. అతను బండి నడిపే మనిషి. బండి కష్టం కళ్ళబడితే కాదనలేడు. గాలి ఉంది. పైలట్ అబద్ధమాడలేదు, ఆమె అబద్ధమాడలేదు.

అంతమాత్రాన మనసు తేలికపడలేదు. ఆ పావుగంట ఎక్కడికి పోతోందో ఇప్పుడు తెలిసింది. గాలి అడ్డుపడిన కొద్దీ ఆమె ఇంకాస్త సేపు నిద్రపోతోంది, ఆ పైలట్ పక్కన. ఎనిమిది నెలలుగా ఆ మనిషికి తెలిసిన ముఖం తనకి తెలియదు.

విమానం చక్రాలు నేలకి తగిలాక ఆమె లేచింది. పెదవి చివర తుడుచుకుంది, కోటు తీసి సీటు పక్కన పెట్టింది. పైలట్ తుమ్మాడు.

స్కూటర్ ఇంట్లోనే ఉండిపోయింది. ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు.

"కడుపునొప్పి తగ్గిందా?" అంది ఆమె.

"మీ తమ్ముడు చెప్పాడా?"

"నిన్నే ఫోన్ చేశాడు. బావ ఏదో వేషం వేస్తున్నాడక్కా, జాగ్రత్త అని."

కొంతదూరం నడిచారు.

"నిద్రపోయావు," అన్నాడు.

"ప్రతివారం పోతాను. ఎక్కగానే పట్టేస్తుంది."

"నా బస్సులో ఒక్కరోజూ కన్ను మూయలేదు."

"ఎలా మూస్తాను?" అంది. గొంతులో కోపం లేదు. "రెండోసారో మూడోసారో మీతో వస్తున్నప్పుడు, కింది మలుపు దగ్గర మీ తల స్టీరింగ్ మీద వాలింది. నేను అరిచాను. మీరు లేచి, ఎందుకలా అరుస్తావ్, జనం నిద్రపోతున్నారు అన్నారు. ఆ రోజు నుంచి నేను నోరు మూస్తే ఒట్టు."

అతనికి గుర్తు లేదు. తల వాలినవాడికి ఎలా గుర్తుంటుంది?

"అంటే ఆ కబుర్లన్నీ..."

"కొన్ని చెప్పాలనిపించి చెప్పాను. కొన్ని చెప్పడానికి ఏం లేక చెప్పాను. ఆ కుంటి పిల్లి ఎప్పుడో చచ్చిపోయిందండీ. మీకోసం ఇంకో రెండేళ్ళు బతికించాను."

అతను ఆగిపోయాడు. ఆమె నాలుగడుగులు ముందుకెళ్ళి వెనక్కి తిరిగింది.

"మరి నువ్వు లేని రోజుల్లో?"

"తమ్ముడికి చెప్పాను. వాడు టికెట్లయ్యాక మీతో తగువు పెట్టుకునేది అందుకే. కోపం వస్తే మీకు నిద్ర రాదని వాడు కనిపెట్టాడు. వాడికి మీమీద ఏమీ లేదు పాపం."

దారి పక్క మెకానిక్ షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. అతని బుర్రలో ఆరేళ్ళ ప్రయాణాలు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నాయి. తను కాపురం అనుకున్నది ఆమెకి కాపలా.

"ఆస్పత్రివాళ్ళకి రేపు చెప్పాలి," అంది ఆమె. "మీరు బస్సే అంటే బస్సే. నేను వాళ్ళకి అలాగే చెప్తాను. కానీ ఎక్కితే మళ్ళీ మాట్లాడాలి. నాకు మాటలు అయిపోయాయండీ."

వీధి మొదట్లోకి వచ్చారు. అతను అన్నాడు:

"విమానానికే చెప్పు."

"నిజంగానా?"

"చెప్పమన్నాగా. ఆ పైలట్‌ని మాత్రం కాస్త ముందుకు చూసి నడపమను."

"ఆయన ముందుకే చూస్తాడు. అద్దంలో నన్ను చూస్తూ మలుపులు తిప్పింది మీరు."

ఇంటికి వచ్చాక ఆమె బ్యాగు గోడకి తగిలించి వంటగదిలోకి వెళ్ళబోయింది. కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది. అతను మంచం మీద దుప్పటి సర్దాడు.

"కాసేపు పడుకో," అన్నాడు.

"ఇప్పుడేగా పడుకుని లేచింది."

"ఇంకాస్త పడుకో. వంట నేను చూస్తాలే."

వంట అతనికి రాదని ఇద్దరికీ తెలుసు. ఆమె వెళ్ళి మంచం మీద ఒరిగి కళ్ళు మూసుకుంది. అతను కుర్చీ తెచ్చి పక్కన వేసుకుని కూర్చున్నాడు. నుదుటి మీద పడిన వెంట్రుకని చూశాడు. రెప్పలు సన్నగా అదురుతున్నాయి. కనుబొమల మధ్య గీత అలాగే ఉంది. విమానంలో ఆ గీత పోయి ఉండాలి. వెనక వరసలోంచి అది కనిపించలేదు.

ఆమె ఒక కన్ను తెరిచింది.

"ఇలా గుచ్చి గుచ్చి చూస్తుంటే ఎవరికైనా నిద్ర పడుతుందా?"

"ఆయన పక్కనుంటే పడుతోందిగా."

"ఆయన చూడడు," అంది, మళ్ళీ కన్ను మూసి.

అతను లేచి, కుర్చీ కాళ్ళు నేలకి రాసుకోకుండా ఎత్తి, కిటికీ వైపు తిప్పి కూర్చున్నాడు. వీధిలో ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్నారు. వెనక ఊపిరి నెమ్మదించినట్టే ఉంది. మెడ దానంతట అది తిరగబోయింది. రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుని, అతను ముందుకే చూస్తూ కూర్చున్నాడు.